ఫోర్క్ స్టాంచియన్ మీద గీత పడితే ఏం చేయాలి?

మౌంటెన్ బైక్ ముందు ఫోర్కులో నున్నగా మెరిసే రెండు గొట్టాలే స్టాంచియన్లు. చక్రాన్ని పట్టుకుని ఉండే కింది భాగాన్ని లోయర్స్ అంటారు. గుంతలో పడ్డప్పుడల్లా లోయర్స్ ఈ గొట్టాల మీదే పైకీ కిందికీ జారుతుంది. లోయర్స్ మీద ఎన్ని గీతలు పడ్డా పోయేది రంగే. అక్కడ కాస్త టచప్ పెయింట్ వేస్తే చాలు. స్టాంచియన్ మీద గీత పడితే మాత్రం సంగతి వేరు. కొన్ని గీతలను పట్టించుకోనక్కర్లేదు, కొన్నింటిని మాత్రం అదే వారంలో సరిచేసుకోవాలి. ఏది ఏ రకమో ఇంట్లోనే, పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు.

ఒక్క మాట మొదటే చెప్పాలి. గీత కనిపించగానే చేతికందిన ఎమెరీ పేపర్ తీసుకుని అది మాయమయ్యేదాకా రుద్దకండి. గీత చేసే నష్టం కన్నా అలా రుద్దితే జరిగే నష్టం చాలా ఎక్కువ. ఎందుకో తెలియాలంటే లోపల ఏముందో కొంచెం తెలియాలి.

లోయర్స్ పై అంచున స్టాంచియన్‌ను చుట్టుకుని ఒక రబ్బరు సీల్ ఉంటుంది. దుమ్మును బయటే ఆపి, నూనెను లోపలే ఉంచడం దాని పని. సీల్ కింద నూనెలో నానిన స్పాంజ్ రింగ్, దాని కింద స్టాంచియన్‌ను ఆనుకుని జారే బుషింగ్‌లు ఉంటాయి. చాలా ఎయిర్ ఫోర్కుల్లో (స్ప్రింగుకు బదులు గాలి ఒత్తిడితో పనిచేసేవి) వీటిని తడిపే నూనె ఒక్కో కాలికి కొద్ది మిల్లీలీటర్లే. ఆ కాస్త నూనె బయటికి పోయినా, ఆ దారినే మట్టి లోపలికి వెళ్లినా బుషింగ్‌లు అరగడం మొదలవుతుంది. గీత వల్ల వచ్చే అసలు ప్రమాదం ఇదే.

ఇక పూత సంగతి. ఒక అయస్కాంతం తీసుకుని స్టాంచియన్‌కు మెల్లగా ఆనించి చూడండి. అతుక్కుంటే అది ఉక్కు, మీద క్రోమ్ పూత ఉంటుంది. తక్కువ ధర కాయిల్ (లోహపు స్ప్రింగు) ఫోర్కుల్లో ఎక్కువగా ఉండేది ఇదే. అతుక్కోకపోతే అల్యూమినియం, దాని మీద హార్డ్ అనొడైజింగ్ పొర ఉంటుంది. ఫాక్స్ కంపెనీ ఖరీదైన ఫోర్కుల్లో బంగారు రంగులో కనిపించే కషీమా కోటింగ్ కూడా ఈ రకందే, దాని సూక్ష్మ రంధ్రాల్లో జారుడు కోసం మాలిబ్డినం డైసల్ఫైడ్ నింపుతారు. అనొడైజింగ్ పొర చాలా గట్టిది, కానీ చాలా పల్చన. దాని కింద ఉన్న లోహం మెత్తన. అందుకే హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నలాంటి గ్రానైట్ బండ అంచుకు బలంగా తగిలితే కింది అల్యూమినియం లొంగిపోయి పై పొర చిట్లుతుంది. ఎమెరీ పేపర్‌తో గట్టిగా రుద్దితే ఆ పల్చటి పొర కాస్తా అరిగిపోతుంది. పోయిన పొరను ఇంట్లో ఎవరూ మళ్లీ వేయలేరు.

ఇంకో అపోహ కూడా తీర్చుకుందాం. బయట గీత పడింది కాబట్టి ఫోర్కులో గాలి పోతోందని చాలామంది టెన్షన్ పడతారు. ఎయిర్ ఫోర్కులో గాలిని ఆపే సీల్ స్టాంచియన్ లోపలి గోడ మీద జారుతుంది, బయటి వైపు కాదు. బయటి గీతకూ గాలి తగ్గడానికీ సంబంధం లేదు. గాలి తగ్గుతుంటే వాల్వ్‌నీ, లోపలి సీల్స్‌నీ చూపించాలి.

ముందు కడగండి, తర్వాత కొలవండి

మట్టి మీద చూస్తే ఏదీ సరిగ్గా కనిపించదు. మెత్తటి తడిగుడ్డతో స్టాంచియన్లు రెండూ చుట్టూ తుడవండి. ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మరోసారి తుడవండి. ఎలక్ట్రానిక్స్ సామాన్ల షాపుల్లో ఐపీఏ అంటే ఇస్తారు. సగానికి సగం గీతలు ఈ దశలోనే మాయమవుతాయి. అవి గీతలు కావు, ఎదుటి బండి హ్యాండిల్ గ్రిప్ రబ్బరో, పెడల్ రంగో అంటుకున్న మరకలు.

మిగిలింది నిజమైన గీతే అయితే అది ఎక్కడుందో చూడాలి. నా లెక్కలో గీత ఎంత లోతుందన్న దానికన్నా ఎక్కడుందన్నదే ముఖ్యం. బైక్ ముందు చక్రాన్ని నేల నుంచి పైకెత్తండి, ఫోర్కు పూర్తిగా సాగుతుంది. ఇప్పుడు సీల్ పై అంచు నుంచి స్కేలు పెట్టి పైకి కొలవండి. మీ ఫోర్కు ట్రావెల్, అంటే అది మొత్తం కుంగగల దూరం, 100 మిల్లీమీటర్లయితే, సీల్ నుంచి 100 మిల్లీమీటర్ల లోపు ఉన్న ఏ గీతైనా ఏదో ఒక రోజు సీల్ కిందికి వెళ్తుంది. అంతకన్నా పైన, క్రౌన్ (రెండు గొట్టాలనూ పైన కలిపే భాగం) దగ్గరగా ఉన్న గీత ఎప్పుడూ సీల్‌ను తాకదు. అది చూడ్డానికి బాగోదంతే. అల్యూమినియమైతే అలాగే వదిలేయండి, ఉక్కయితే తుప్పు పట్టకుండా నెయిల్ పాలిష్ చుక్క వేసేయండి.

సీల్ తాకే భాగంలో కూడా అన్ని చోట్లా ఒకటి కాదు. మీరు కూర్చోగానే ఫోర్కు ట్రావెల్‌లో దాదాపు 20 నుంచి 30 శాతం కిందికి దిగుతుంది, దాన్ని శాగ్ అంటారు. చిన్న గులకరాళ్ల మీద వెళ్లినా ఫోర్కు ఆ స్థానం చుట్టూ వందలసార్లు ఆడుతుంది. 100 మిల్లీమీటర్ల ఫోర్కులో సీల్ నుంచి దాదాపు 10 నుంచి 60 మిల్లీమీటర్ల మధ్య గీత ఉంటే దాన్ని సీరియస్‌గా తీసుకోండి. 90 దగ్గర ఉన్నది పెద్ద గుంతలో పడ్డప్పుడే సీల్ దగ్గరికి చేరుతుంది.

గోరు, దూది

ఇప్పుడు చూపుడువేలి గోటిని గీతకు అడ్డంగా మెల్లగా జరపండి. గోరు ఎక్కడా ఆగకపోతే అది పై పూతలో పడ్డ గీరు మాత్రమే. ఫోటో తీసి పెట్టుకుని, తొక్కుతూ ఉండండి. గోరు తట్టుకుంటే ఒక దూది ఉండ తీసుకుని ఆ చోట పైకీ కిందికీ, చుట్టూ రుద్దండి. పోగులు అంటుకున్నాయంటే గీత అంచులు పైకి లేచి ఉన్నాయన్నమాట. సీల్‌ను కోసేది ఈ లేచిన అంచే. లోతు తక్కువైనా అంచు లేచిన గీత, లోతున్నా అంచు నున్నగా ఉన్న గీతకన్నా ప్రమాదం.

గీత దిశ కూడా చూడండి. గొట్టం పొడవునా నిలువుగా ఉన్న గీత నూనెకు కాలువ లాంటిది, దానివెంట నూనె బయటికి పాకుతుంది. అడ్డంగా ఉన్న గాటు నూనెను అంతగా వదలదు గానీ, అంచు లేచి ఉంటే సీల్ పెదవిని ప్రతి కదలికలోనూ గీకుతుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక హద్దు గీసుకోవాలి. గొట్టం సొట్టపడినా, వంగినా, సన్నటి పగులు కనిపించినా, క్రౌన్‌ను ఆనుకుని లోతైన గాటు ఉన్నా అది పూతల సమస్య కాదు. ఫోర్కు మీద భారం ఎక్కువగా పడేది క్రౌన్ దగ్గరే. అలాంటి ఫోర్కుతో ఒక్క కిలోమీటరు కూడా తొక్కకండి, సస్పెన్షన్ పని తెలిసిన మెకానిక్‌కు చూపించండి. ముందు ఫోర్కు విరిగితే మనిషి ముఖం మీదే పడతాడు.

లేచిన అంచును దించడం

కావాల్సినవి తక్కువే. 2000 నంబరు వాటర్ పేపర్ (నీళ్లలో తడిపి వాడే చాలా సన్నటి ఎమెరీ) ఒకటి, కాస్త మొండి గీత అయితే 1500 నంబరుది ఇంకొకటి. ఆటో పెయింట్ షాపుల్లో దొరుకుతాయి. మాస్కింగ్ టేపు, ఒక ఐస్‌క్రీం పుల్ల, నీళ్లు, దూది, ఐపీఏ.

ముందుగా సీల్‌ను కాపాడండి. సీల్ చుట్టూ ప్లాస్టిక్ కవరు చుట్టి, పై అంచున టేపు బిగించండి. రుద్దినప్పుడు రాలే పొడి సీల్ లోపలికి పోతే కొత్త గీతలు మనమే పెట్టినట్టవుతుంది. లోయర్స్ ఎలాగూ విప్పే ఆలోచన ఉంటే ముందే విప్పి, గొట్టాలు ఖాళీగా ఉన్నప్పుడు ఈ పని చేయడం అన్నిటికన్నా మేలు.

తర్వాత గీతకు నాలుగు వైపులా మాస్కింగ్ టేపు అంటించి, గీత మాత్రమే కనిపించేలా చిన్న కిటికీ వదలండి. మంచి పూత మీదికి చేయి పొరపాటున కూడా వెళ్లకుండా ఈ టేపే ఆపుతుంది. వాటర్ పేపర్ ముక్కను ఐస్‌క్రీం పుల్లకు అంటించండి. వేలితో నొక్కితే కాగితం గీత లోపలికీ దిగి, పక్కన ఉన్న పూతనూ తింటుంది. బల్లపరుపు పుల్ల అయితే ఎత్తుగా లేచిన చోటునే తాకుతుంది.

కాగితాన్ని నీళ్లలో ముంచి, గొట్టం చుట్టూ తిరిగే దిశలో, బరువు వేయకుండా అయిదారుసార్లు రుద్దండి. నిలువుగా రుద్దకండి. నిలువు గీరులు నూనెకు కొత్త దారులు చేస్తాయి. మొదట్లో పుల్ల గరగరమంటూ చిన్నగా తట్టుకుంటుంది. అంచు దిగేకొద్దీ ఆ గరగర తగ్గి, కాగితం తడి గాజు మీద జారినట్టు వెళ్తుంది. అక్కడ ఆపేయండి. తుడిచి దూదితో చూడండి. పోగు పట్టుకుంటే ఇంకో నాలుగుసార్లు, పట్టుకోకపోతే అయిపోయినట్టే. గీత ఇంకా కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది, ఉండనివ్వండి. మనం తీయాల్సింది అంచును మాత్రమే, గీతను కాదు.

అడ్డంగా పడ్డ సన్నటి గాట్లకూ, కింద పడ్డప్పుడు తగిలిన చిన్న చుక్కలకూ చాలాసార్లు ఇంతటితో సరిపోతుంది.

లోతైన గీతను నింపడం

అంచు దించాక కూడా గోరు దిగేంత లోతుంటే, పైగా అది నిలువుగా ఉంటే నింపాలి. లోతు కొంచెమే అయితే రంగులేని నెయిల్ పాలిష్ పనికొస్తుంది. లోతెక్కువైతే రెండు ట్యూబుల్లో వచ్చే అరాల్డైట్ లాంటి ఎపాక్సీ వాడండి. అయిదు నిమిషాల్లో గట్టిపడే రకం కన్నా నిదానంగా గట్టిపడేదే ఇక్కడ నయం. సర్దుకోవడానికి సమయం ఇస్తుంది, పట్టు కూడా గట్టిగా ఉంటుంది.

నింపే ముందు గీత లోపల నూనె చుక్క కూడా ఉండకూడదు. చాలామంది వేసిన ఎపాక్సీ నెలలోపే ఊడిపోవడానికి కారణం ఇదే. పళ్ల బ్రష్షును ఐపీఏలో ముంచి గీత వెంట రుద్దండి, ఆరనివ్వండి, మళ్లీ రుద్దండి. ఆ తర్వాత దాన్ని వేలితో ముట్టుకోకండి, వేళ్ల జిడ్డు చాలు ఊడిపోవడానికి.

ఎపాక్సీ రెండు భాగాలూ సమంగా తీసుకుని పుల్లతో బాగా కలపండి. టూత్‌పిక్ మొనతో గీత ఒక చివర నుంచి రెండో చివరికి నెమ్మదిగా లాగుతూ వేయండి. గాలి బుడగ లోపల ఉండిపోతే తర్వాత అక్కడ గుంట పడుతుంది, కాబట్టి తొందర పడకండి. గొట్టం మట్టం కన్నా వెంట్రుకవాసి ఎత్తుగా ఉండేలా వేయండి. నెయిల్ పాలిష్ అయితే ఆరేటప్పుడు కుంగుతుంది, అందుకే పల్చగా రెండు మూడు పూతలు వేయాలి. ఒక్కో పూత పూర్తిగా ఆరాకే ఇంకోటి.

ఎపాక్సీని ఒక రోజంతా వదిలేయండి. పైన గట్టిగా అనిపించినా లోపల ఇంకా మెత్తగా ఉండొచ్చు. మరుసటి రోజు కొత్త షేవింగ్ బ్లేడును గొట్టానికి దాదాపు సమాంతరంగా పెట్టి, ఎత్తుగా ఉన్న ఎపాక్సీని పొరలు పొరలుగా చెక్కండి. బ్లేడు మూల గొట్టానికి తగలకుండా చూసుకోవాలి, తగిలితే ఇంకో గీత. తర్వాత టేపు కిటికీ మళ్లీ అంటించి, 2000 వాటర్ పేపర్‌ను తడిపి, పుల్ల మీదే, చుట్టూ తిరిగే దిశలో నాలుగైదుసార్లు రుద్దండి. గోటితో ఆ చోటంతా తడిమి చూడండి. ఎక్కడా మెట్టు తగలకూడదు. కొంచెం పల్లంగా ఉన్నా ఫర్వాలేదు గానీ, ఎత్తుగా మాత్రం ఉండకూడదు. పల్లంగా ఉంటే చుక్క నూనె నిలుస్తుంది, ఎత్తుగా ఉంటే సీల్ చిరుగుతుంది.

లోయర్స్ విప్పి చూడటం

గీతతో కొన్నాళ్లు తొక్కి ఉంటే సీల్ ఇప్పటికే దెబ్బతిని ఉండొచ్చు, లోపలికి మట్టి చేరి ఉండొచ్చు. పైన అతుకు వేసి లోపల మట్టిని వదిలేస్తే ఉపయోగం లేదు. ఫోర్కులు తయారుచేసే రాక్‌షాక్స్ కంపెనీ చాలా ఫోర్కులకు 50 గంటల రైడింగ్‌కు ఒకసారి లోయర్స్ విప్పి నూనె మార్చమని చెబుతుంది. ఈ గీత సాకుతో ఆ పని కూడా చేసేయండి. చేయి తిరగనివాళ్లు సర్వీస్ వాళ్లకే ఇవ్వడం మంచిది.

మీరే చేస్తే, ఎయిర్ ఫోర్కులో గాలి మొత్తం వదిలాకే ఏదైనా ముట్టుకోండి. ఇది తప్పనిసరి. గాలి ఒత్తిడితో విప్పితే లోపలి భాగాలు ఎగిరి దెబ్బ తగులుతుంది. చక్రం, బ్రేక్ కాలిపర్ తీసేయండి. ఫోర్కు తిరిగి సాగే వేగాన్ని మార్చే రీబౌండ్ నాబ్ అడుగున ఉంటే లాగేయండి. ఫోర్కు అడుగున రెండు వైపులా ఉన్న బోల్టులను మూడు నాలుగు చుట్లు మాత్రమే వదులు చేసి, వాటి తల మీద ప్లాస్టిక్ లేదా రబ్బరు సుత్తితో తట్టండి. లోపలి షాఫ్టులు ఊడతాయి. కింద పళ్లెం పెట్టి బోల్టులు పూర్తిగా తీస్తే నూనె కారుతుంది. ఆ నూనెను గమనించండి. నల్లగా, మెరిసే లోహపు రజనుతో ఉంటే బుషింగ్‌లు అరుగుతున్నాయని అర్థం.

లోయర్స్‌ను రెండు చేతులతో సూటిగా కిందికి లాగండి. పాత సీల్స్ తీసి, మీ స్టాంచియన్ వ్యాసానికి సరిపోయేవి కొత్తవి వేయండి. 30, 32, 34, 35, 36 మిల్లీమీటర్లు ఇలా రకరకాల కొలతలున్నాయి, క్యాలిపర్స్‌తో కొలిచాకే ఆర్డర్ పెట్టండి. స్పాంజ్ రింగులను ఫోర్కు నూనెలో నానబెట్టి పెట్టండి. నూనె ఏ రకం, ఎంత అన్నది మీ మోడల్ మాన్యువల్‌లో చూసి అంతే పోయండి, అందాజా వద్దు. బోల్టులు బిగించేటప్పుడు కూడా అంతే. రాక్‌షాక్స్ ఫోర్కుల్లో ఇది సుమారు 7 న్యూటన్ మీటర్లు, అంటే చాలా తక్కువ బిగింపు. బలం చూపిస్తే మర పోతుంది.

పని పట్టిందో లేదో

స్టాంచియన్లను శుభ్రంగా తుడిచి ఒక చిన్న రౌండ్ తొక్కి రండి. సీల్ ఆగే చోట గొట్టం చుట్టూ సమంగా పల్చటి తడి ఉంగరం కనిపిస్తే అది మామూలే, సీల్ పని చేస్తోంది. గీత ఉన్న చోట మాత్రమే నిలువుగా నూనె చార కనిపిస్తే, దానికి మట్టి అంటుకుని నల్లగా ఉంటే, అతుకు సరిగ్గా కుదరలేదు. టిష్యూ కాగితం గీత మీద ఒకసారి, అవతలి వైపు ఒకసారి అద్ది చూస్తే తేడా తెలిసిపోతుంది. చార ఉంటే ఎపాక్సీ గీకేసి, మళ్లీ శుభ్రం చేసి నింపండి. ఈ అతుకు శాశ్వతం అనుకోకండి, లోయర్స్ విప్పిన ప్రతిసారీ చూసుకోవాల్సిందే.

ఇంటి వైద్యానికి లొంగనివి రెండున్నాయి. మొదటిది, గొట్టం వెనకో ముందో వెడల్పుగా పూత పోయి వెండిరంగు మచ్చ పడటం. అది గీత కాదు, నూనె అందక బుషింగ్‌తో రాసుకుని అరిగిపోవడం. దాన్ని నింపలేం. స్టాంచియన్లు క్రౌన్‌లోకి బలంగా నొక్కి బిగించి ఉంటాయి కాబట్టి గొట్టం ఒక్కటే మార్చడం కుదరదు, స్టీరర్‌తో (క్రౌన్ నుంచి హ్యాండిల్ వైపు వెళ్లే గొట్టం) సహా పై భాగం మొత్తం కొనాలి. కొనేముందు కొత్త ఫోర్కు ధరతో పోల్చి చూసుకోండి, మామూలు ఫోర్కులకు చాలాసార్లు కొత్తది కొనడమే మేలు.

రెండోది, ఉక్కు గొట్టాల మీద తుప్పు గుంటలు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో వానాకాలంలో క్రోమ్‌కు చిన్న చిల్లు పడినా చాలు. పైపైన పట్టిన తుప్పయితే వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్‌ను ఉండ చేసి, నీళ్లలో ముంచి రుద్దితే క్రోమ్‌కు దెబ్బ తగలకుండా పోతుంది. తర్వాత తుడిచి సిలికాన్ స్ప్రే పల్చగా కొట్టండి. గుంటలు పడిపోతే మాత్రం సీల్స్ వరసగా పోతూనే ఉంటాయి. మోటార్‌సైకిల్ ఫోర్కు రాడ్లకు గ్రైండింగ్ చేసి హార్డ్ క్రోమ్ వేసినట్టు వీటికీ వేయించాలనుకుంటారు కొందరు. సైకిల్ స్టాంచియన్‌కు పైన క్రౌన్ ఊడకుండా అతుక్కుని ఉంటుంది, దాన్ని గ్రైండింగ్ మెషిన్‌లో పెట్టడమే కష్టం. ఆ డబ్బు కొత్త ఫోర్కు మీద పెట్టండి.

మళ్లీ పడకుండా

గీతల్లో చాలా వాటికి కారణం ట్రెయిల్ (తొక్కే మట్టిదారి) కాదు, రవాణా. బస్సు డిక్కీలో, రైలు పార్శిల్‌లో, కారు వెనక రాక్‌లో పక్క బైక్ పెడల్ స్టాంచియన్‌కు రాసుకుంటూ వందల కిలోమీటర్లు వెళ్తుంది. పాత ట్యూబును నిలువుగా కోసి స్టాంచియన్ల చుట్టూ చుట్టి, టేపు రబ్బరు మీదే వేయండి. తాడును నేరుగా స్టాంచియన్‌కు ఎప్పుడూ కట్టకండి. తాడుకు పట్టిన ఇసుక బండి కదిలిన ప్రతిసారీ పూతను రాస్తుంది. బ్రేక్, గేర్ కేబుళ్లు హ్యాండిల్ తిప్పినప్పుడు గొట్టానికి తగులుతున్నాయేమో కూడా చూడండి, తగిలితే క్లిప్పు మార్చండి.

ట్రెయిల్ నుంచి రాగానే సీల్ దగ్గర మట్టిని మెత్తటి గుడ్డతో తుడిచేయండి, అర నిమిషం పని. వాటర్ వాష్ సెంటర్‌లో ప్రెషర్ గన్‌ను సీల్ మీదికి పెట్టనివ్వకండి, మట్టి నీళ్లతో కలిసి సీల్ దాటి లోపలికి వెళ్తుంది. బకెట్టు నీళ్లు, స్పాంజ్ చాలు. స్టాంచియన్ మీద చైన్ ఆయిల్ వేయకండి, దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

సెకండ్‌హ్యాండ్ బైక్ కొంటుంటే ముందు స్టాంచియన్లను గుడ్డతో తుడిచి, వెనక వైపు కూడా ఫోన్ టార్చ్ వెలుగులో చూడండి. అమ్మే మనిషి ముందు వైపే చూపిస్తాడు, పూత అరిగేది ఎక్కువగా వెనక వైపు. సీల్ పైన మట్టి ఉంగరం ఉంటే తుడిచి, పది పదిహేనుసార్లు ఫోర్కును నొక్కి, నూనె చార వస్తుందేమో చూడండి. గీత క్రౌన్ దగ్గర పైపైన ఉంటే బేరం ఆడి తీసుకోండి. సీల్ ఆడే చోట నిలువుగా లోతుగా ఉంటే లోయర్స్ సర్వీసు ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. వెండిరంగు మచ్చ పడి ఉంటే మాత్రం ఫోర్కు ధర మొత్తం తీసేసి లెక్కేసుకోండి.